ఒంటరి పుంజు

"అవ్వా, నీ మేకలను జర అటు తోలు. కెమెరాకు అడ్డమొస్తున్నయి."

నర్సింగమ్మ కట్టె ఎత్తి మేకలను అదిలించింది. ఆ అలికిడికి పొదలోంచి తొంగిచూస్తున్న అడవికోడి పుంజు కాస్తా తుర్రుమంది. కృష్ణకాంత్ కెమెరా దించి ఆమెను కొరకొరా చూశాడు. అదిలించమన్నది తానేనన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు. పెద్దమనుషులకు అలాంటివి గుర్తుండవు.

కృష్ణకాంత్ దేవరకొండలో కామర్స్ లెక్చరర్. కాలేజీలో ఆయన పాఠం వినేవాళ్లు తక్కువ. అడవి గురించి ఆయన చెప్పే ఉపన్యాసం తప్పించుకున్నవాళ్లు ఇంకా తక్కువ. డిండి దారిలో ఉన్న రక్షిత అడవికి రోజూ తెల్లవారగానే వెళ్తాడు. ఆకురంగు టోపీ, ఆకురంగు చొక్కా, మోచేయంత లెన్సు. అయిదేళ్లుగా ఓ పెద్ద ఫొటో పోటీకి ఫొటోలు పంపుతుంటే, అయిదేళ్లూ చేతికొచ్చింది పాల్గొన్నందుకు ఇచ్చే కాగితమే. ఈసారి మొదటి బహుమతి కొట్టకపోతే స్టాఫ్ రూములో తలెత్తుకోలేడు. అదృష్టం కొద్దీ వాగు పక్కన అడవికోళ్ల గుంపు ఆయన కంటబడింది. ఒక పుంజు, నాలుగు పెట్టలు, ఆరు ఎదిగిన పిల్లలు. అన్నీ ఒకే ఫొటోలో పడాలి. గడువు ఇంకా నెల రోజులుంది.

ఆ నెలలోనే ఆయనకో శిష్యుడు కూడా దొరికాడు. పేరు హనుమంతు, ఊళ్లో బోరు మోటార్లు బాగుచేస్తాడు. ఈయన పెట్టిన అడవికోడి ఫొటో వాట్సాప్‌లో చూసి వెతుక్కుంటూ వచ్చాడట. వస్తూనే కాళ్లకు మొక్కాడు. మొక్కించుకునే అలవాటు లేక కృష్ణకాంత్ కరిగిపోయాడు. ఇక అడిగిందీ చెప్పాడు, అడగందీ చెప్పాడు. కోళ్లు రాత్రి ఏ చెట్టెక్కి పడుకుంటాయి, పొద్దున ఎన్నింటికి దిగుతాయి, నీళ్లకు ఏ దారిన పోతాయి, అన్నీ దగ్గరుండి తిప్పి చూపించాడు. హనుమంతు చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తన మాటను అంత శ్రద్ధగా రాసుకున్నవాడు లేడని కృష్ణకాంత్ కళ్లు చెమర్చాయి.

ఆయన భార్య సుచరితకు మాత్రం ఈ శిష్యుడు మింగుడు పడలేదు.

"అన్నీ ఆయనకు చెప్పుకుంట పోతే రేపు మీకంటే ముందు ఆయనే ఫొటో పంపుతడు. అప్పుడెవరికి చెప్పుకుంటరు?"

కృష్ణకాంత్ గుండె కలుక్కుమంది. మర్నాడు ఏదో వంక పెట్టి శిష్యుడి ఫోను తీసుకుని మొత్తం గాలించాడు. ఒక్క పిట్ట ఫొటో కూడా లేదు. ఫొటోలు తీయవేమయ్యా అని అడిగాడు.

"మీ ముందట నేను తీసుడేంది సార్. నాకు తెలుసుకునుడే చాలు."

ఈ కాలంలో ఇంత వినయమా అని కృష్ణకాంత్ ఆ రోజంతా మురిసిపోయాడు.

రెండో వారానికి గుంపులో ఏడు కోళ్లే కనబడ్డాయి. మూడో వారానికి నాలుగు. ఆయనకు అన్నం సహించలేదు. ఆ వేళప్పుడు అడవిలో కనబడే మనిషి నర్సింగమ్మ ఒక్కతే. మేకలుంటే వెంట కుక్క ఉంటుంది, కుక్క ఉంటే కోడిని విడుస్తుందా అని హనుమంతు కూడా దిగులుగా అన్నాడు. ఆ రాత్రే కృష్ణకాంత్ అటవీశాఖకు నర్సింగమ్మ మీద రెండు పేజీల ఫిర్యాదు రాసి పంపాడు. వారం తిరక్కుండా ఆ శాఖ మనుషులు వచ్చి వాగుకు పోయే దారికి అడ్డంగా ముళ్లకంప వేయించారు.

నర్సింగమ్మ రోడ్డు మీద ఆయన బండికి ఎదురుగా నిలబడింది.

"సారూ, నీళ్లకు నా మ్యాకలు మూడు మైళ్లు తిరిగి పోవాలె. నిన్న సూడిమ్యాక తొవ్వల పడిపోయింది. ముప్పై ఏండ్ల సంది వస్తున్న, గా కోళ్లకు ఏం కాలె. మీరొచ్చినంకనే తగ్గుతున్నయి."

కృష్ణకాంత్‌కు ఒళ్లు మండింది. ప్రకృతి ప్రేమికుణ్ని పట్టుకుని ఎంత మాటంది. చదువు లేని మనిషితో తనకు వాదనేమిటని బండి పక్కకు తిప్పుకుని వెళ్లిపోయాడు.

గడువు రోజు పొద్దున వాగు ఒడ్డున మిగిలింది పుంజు ఒక్కటే. మెడ సాచి కూసింది. కాసేపు ఆగి మళ్లీ కూసింది. ఎటునుంచీ బదులు రాలేదు. కృష్ణకాంత్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే బటన్ నొక్కాడు. ఫోకస్ మాత్రం తప్పలేదు. 'ఒంటరి పుంజు' అని పేరు పెట్టి పంపాడు.

దానికే మొదటి బహుమతి వచ్చింది. వేదిక మీద శాలువా కప్పుకుని, మేకల కాపర్ల దురాశ వల్ల అడవి ఎలా ఖాళీ అవుతోందో ఇరవై నిమిషాలు చెప్పాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది హనుమంతు. అతను పోటీకి ఏమీ పంపలేదని తెలిశాక, అలాంటివాణ్ని అనుమానించానే అని గురువుకు సిగ్గేసింది. సుచరితకు ఫోన్ చేసి మరీ ఆ సంగతి దెప్పాడు.

మర్నాడు హనుమంతు గురువును మధ్యాహ్న భోజనానికి ఇంటికి పిలిచాడు. పొయ్యి మీంచి అప్పుడే దించిన జొన్నరొట్టెలు, ఎర్రటి కోడికూర. కృష్ణకాంత్ మొదటి ముద్దకే కళ్లు మూసుకున్నాడు. రెండోసారి వడ్డించమన్నాడు. మూడోసారి గిన్నె తానే దగ్గరికి లాక్కున్నాడు.

"ఇది ఫారం కోడి కాదు గదా?"

"ఫారంది మా ఇంట్ల ముట్టం సార్."

"ఇసొంటి రుచి నా జన్మల చూడలేదయ్యా. ఎక్కడ దొరుకుతయి ఈ కోళ్లు?"

హనుమంతు ఇంకో గంటె పులుసు పోస్తూ, చేతులు కట్టుకున్నంత వినయంగా చెప్పాడు.

"మీరు చూపిన జాగలనే సార్."