ఊయల మీది ముఖం

జాక్‌మెల్ పట్టణంలో మా పక్కింటి ఒస్నెల్ పగలు రొట్టెలు కాల్చేవాడు. రాత్రిళ్ళు కార్నివాల్ జాతర కోసం కాగితపు గుజ్జుతో ముసుగులు చేసేవాడు. నెలల బిడ్డను కాసేపు ఎత్తుకోమని భార్య జెస్లిన్ ఎన్నిసార్లు పిలిచినా, "ఈ ఒక్కటీ అయిపోనీవే!" అనేవాడు. చివరకు తన ముఖాన్నే అచ్చు తీసి, రంగు వేసి, ఊయల పైన మేకుకు తగిలించాడు.

"ఇదిగో, నీ కొడుక్కి నాన్న!" అని నవ్వాడు.

"పోనీలే, ఇదైనా ఇంటిపట్టున ఉంటుంది," అంది జెస్లిన్.

ఆ రాత్రి అతడు పెరటి కొట్టంలో పని ముగించి వచ్చేసరికి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఊయల తాడు కిర్రుమంటోంది. తలుపు తట్టాడు.

"ఎవరయ్యా ఈ వేళప్పుడు?" జెస్లిన్ గొంతు నిద్రమత్తుగా, నిశ్చింతగా పలికింది. "మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. బిడ్డను ఊపుతున్నాడు."

కిటికీ సందులోంచి చూశాడు. మేకు ఖాళీగా ఉంది.

పరుగున నా వాకిటికి వచ్చాడు. "పిన్నీ, నేనే ఒస్నెల్‌నని దానికి చెప్పు!"

దీపం ఎత్తి అతని ముఖాన్ని పరిశీలించాను. "బిడ్డను చివరిసారి ఎప్పుడు ఎత్తుకున్నావు నాయనా?"

అతడు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టసాగాడు. గోడ అవతల ఎవరో జోలపాట అందుకున్నారు, అచ్చంగా అతని గొంతుతోనే.