నోరు మూసే వైద్యం

"డాక్టరు నిన్ను 'పో భయ్యా' అన్నడా? ఎల్లగొట్టిండా?" అంటూ మంగ గరిటెతో లేచింది.

"ఎల్లగొట్టలేదే! ఫోబియా అన్నడు. సప్పుడు లేకుంటే భయమట నాకు," అన్నాడు ఆమె భర్త పరుశురాం.

నిజమే. సూరత్ మరమగ్గాల మోతలోనే అతని వయసంతా గడిచింది. మగ్గం ఆగిందంటే పోగు తెగినట్టే, పోగు తెగితే సేఠ్ తిట్లు. అలా అలవాటుపడ్డ గుండె ఇప్పుడు ఇంట్లో ఫ్యాను ఆగినా దడదడలాడుతోంది. అందుకే తనే మగ్గమై సోది నేస్తుంటాడు. మిల్లు పని పోయాక రింగ్ రోడ్‌లో బట్టల గోడౌనుకు కాపలా పని దొరికింది గానీ, అక్కడుండేవి మూటలే, మాటలు కావు.

"రోజు జరసేపు సప్పుడు లేకుంట కూసోమన్నడు. ఏం గాదని గుండెకు మెల్లగ తెలుస్తదట."

ఫ్యాను ఆపి, నోరు కట్టేసుకుని కళ్లు మూసుకున్నాడు. గుండె ఎగిరింది. ఎగిరెగిరి అలసిపోయి కుదుటపడింది. గెలిచానని కళ్లు తెరిస్తే ఎదురుగా మంగ ఏడుస్తోంది. ఆ ఏడుపు విని పక్కింటి సారక్క నీళ్లచెంబుతో పరిగెత్తుకొచ్చింది.

"చెప్పే కూసున్న గదనే!"

"ఎరుకే. అయినా భయమైంది. మీ అవ్వ పోయిన్నాడు గిట్లనే కూసున్నవ్. మిల్లు పని పోయిన్నాడు గిట్లనే."

పరుశురాంకు నోట మాట రాలేదు. అది చూసి మంగ మళ్లీ బావురుమంది.

"ఏమైంది తమ్మీ?" అంది సారక్క.

"ఏం గాలేదక్కా! నేను నోరు తెరిస్తేనే అందరికి భయమనుకున్న ఇన్నొద్దులు. మూస్తే భయపడే మనిషి మా ఇంట్లనే ఉన్నది!"