గుండ్రంలో ఉన్న అక్షరం

నలభై ఇనుప ప్లేట్లూ ఎర్ర ట్రేలో పడ్డాయి.

"ఇది రెండో లాటు. మళ్లీ రిజెక్టేనా?" ఫోన్లో మేనేజరు గొంతు పెరిగింది.

"రంధ్రాలు ఉండాల్సిన చోటు నుంచి జరిగాయి సార్. పాయింట్ రెండు మిల్లీమీటరు దాటకూడదు. పాయింట్ రెండు ఎనిమిది వస్తోంది," అంది కొలతలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు అమ్మాయి.

"నాలుగింటికి తుక్కు లారీ వస్తుంది. ఈలోగా ఏ సంగతో తేల్చు."

ఫోన్ పెట్టేసింది. ప్లేట్ల డ్రాయింగు ముందుకు లాక్కుంది.

గోడవార బల్ల మీద, ఒళ్లో ఫైలుతో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మేనేజరు గారు పిలిచేదాకా అక్కడ ఉండమన్నారట.

"అమ్మా, ఆ గడిలో పాయింట్ రెండు పక్కన ఇంకేదో ఉన్నట్టుంది," అన్నాడు.

ఆమెకు చిర్రెత్తింది. "డ్రాయింగులు నేనూ చదువుతానండీ."

"చదువుతారు. చివరిదాకా చదివారా అని."

చూసింది. చిన్న గుండ్రం, అందులో ఎం అక్షరం. రోజూ కళ్ల ముందున్నదే. ఎన్నడూ పట్టించుకోలేదు.

"రంధ్రం అతి చిన్న సైజులో ఉన్నప్పుడే ఆ పాయింట్ రెండు. రంధ్రం పెరిగితే బోల్టుకి చోటు పెరుగుతుంది కదా. పెరిగినంత మేర పక్కకి జరిగినా పరవాలేదని ఆ ఎం చెబుతుంది. అతి చిన్న సైజు ఎంత?"

"పది మిల్లీమీటర్లు."

"మీ ప్లేటులో?"

ఆమె తడబడింది. గేజు కడ్డీ రంధ్రంలో దూరింది కదా అని సైజు విడిగా కొలవలేదు. ఇప్పుడు కొలిచింది. నాలుగు రంధ్రాలూ పది పాయింట్ ఒకటి.

"పాయింట్ ఒకటి పెరిగింది. అది కలిపితే పాయింట్ మూడు దాకా జరగొచ్చు. అయితే... ఇది మంచి ప్లేటే."

"ఇదొక్కటే. మిగతావి కొలవకుండా నాకేం తెలుసు?" అన్నాడాయన.

ప్లేటుకి నాలుగు చొప్పున నూట అరవై రంధ్రాలు. ఆమె చొక్కా చేతులు పైకి మడిచింది. భోజనాల గంట మోగినా లేవలేదు. ఆమె ఒక అంకె తప్పు రాసినప్పుడు పెద్దాయన చిన్నగా దగ్గాడు.

మూడున్నరకి మేనేజరు వచ్చేసరికి ముప్పై ఏడు ప్లేట్లు పచ్చ ట్రేలో ఉన్నాయి.

"పొద్దున రిజెక్టు, ఇప్పుడు పాసా? ఉద్యోగం నిలబెట్టుకోవడానికి అంకెలు మార్చావా?"

"మారిస్తే ఆ మూడూ ఎందుకు ఆపుతాను సార్? పొద్దున నేను తప్పు చదివాను. ప్రతి రంధ్రం కొలతా ఈ కాగితంలో రాశాను. మీరే కొలిచి చూడండి."

ఆయన కొలిచాడు. ఒకటి, రెండు, ఐదు. తలెత్తాడు.

"మొదటి లాటు?"

"తుక్కు షెడ్డులోనే ఉంది. లారీ ఆపించండి సార్, అవీ కొలుస్తాను. అసలు ఇది నాకు చెప్పింది..."

వెనక్కి తిరిగింది. బల్ల ఖాళీగా ఉంది.

అప్పుడే గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ ఒక చీటీ తెచ్చి మేనేజరుకిచ్చాడు. ఆయన చదివి ఆమె చేతిలో పెట్టాడు.

'మీకు మంచి ఇన్‌స్పెక్టరే ఉన్నారు. నాకు సెలవిప్పించండి.'

"ఎవరు సార్ ఆయన?"

మేనేజరు ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"రేపటి నుంచి నీ కుర్చీలో కూర్చోడానికి నేను పిలిపించిన మనిషి."