ఎడమ మడ్‌గార్డు

"నన్ను ఆ కారుకి ఎడమవైపు మాత్రం నిలబెట్టకండి, వకీలుగారూ," అన్నాడు ఒరెస్తే.

కారు యజమాని కస్తెల్లీ వకీలు నవ్వాడు. "అదేంటి మేస్త్రీ! ఎడమవైపు రేకు కొట్టింది మీరేగా?"

"అందుకే."

సరస్సు ఒడ్డున తోటలో, కంకర బాటకి రెండు పక్కలా, యుద్ధానికి ముందు పుట్టిన కార్లు ముప్పై దాకా నిలబెట్టారు. గ్లాసులు పట్టుకుని పెద్దమనుషులు తిరుగుతున్నారు. ప్రతి కారు ముందూ ఒక పలక. కారు రూపం గీసినవాడి పేరుంది. కొన్నవాడి పేరుంది. నెలల తరబడి సుత్తి మోతకి చెవులు పోగొట్టుకున్నవాడి పేరు మాత్రం ఒక్కదాని మీదా లేదు. ఈ వకీలుకి ఒక్కడికే అది తప్పనిపించింది. 1938లో మిలాన్‌లోని ఒక కార్ల షెడ్డులో తన కారు రేకు కొట్టిన ఇద్దరినీ వెతికి పట్టుకున్నాడు. నాలుగింటికి వాళ్ళ పేర్లు మైకులో చదివించి, పలక మీద ఎక్కిస్తానన్నాడు.

రెండే సీట్ల కారు. ముదురు ద్రాక్షసారా రంగు. తడిగుడ్డ కప్పినట్టు రేకు చక్రాల మీద అంటుకుని, వెనక్కి జారి, తోక దగ్గర సన్నబడి ఆగిపోయింది. ఎక్కడా అతుకు కనబడదు. చూసినవాళ్ళు మాట మధ్యలో ఆపేస్తున్నారు.

ఒరెస్తే మాత్రం తలొంచుకుని తన బూట్లకేసి చూస్తున్నాడు.

వకీలు అటు వెళ్ళగానే కూతురు ఇవాన దగ్గరికొచ్చింది. "ఏంటి నాన్నా ఇది? నీకు సన్మానం చేస్తామంటే దొంగలా నక్కుతావేం?"

"దొంగనే కాబట్టి. కింద కూర్చుని ముందునించి చూడు. ఎడమ మడ్‌గార్డు కుడిదానికంటే వేలిమందం కిందకుంది."

ఆమె వంగి చూసింది. "నాకేం కనబడలా."

"నాకు నలభై ఆరేళ్ళుగా ఇంకేం కనబడట్లేదు."

అప్పుడు చెప్పాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఆ షెడ్డులో ఎడమవైపు ఒకడు కొట్టాలి, కుడివైపు ఇంకొకడు. మధ్యలో గోనెపట్టా. ఎవడి చెక్క అచ్చు వాడిది. రేకు అచ్చు మీద సందు లేకుండా కూర్చుంటే పని అయినట్టే. రెండు వైపులూ కలిపేరోజు దాకా ఒకడి పని ఒకడు చూడకూడదు. ఎడమ ఒరెస్తేది, కుడి ఎజీదియోది. ఇద్దరిలో ఒకణ్ణి ఆ వేసవికి పెద్ద మేస్త్రీని చేస్తానని షెడ్డు యజమాని ఊరించాడు. గొడ్లలా పని చేయించుకోవడానికి యజమానులకి తెలిసిన పద్ధతి అది.

"ఆ చలికాలం చేతులు కొంకర్లు పోయేవి. నా అచ్చుని పొయ్యి పక్కకి జరిపా. అలా చెయ్యకూడదు, చెక్క కుంచించుకుపోతుంది. రేకు తడిమితే ఏదో తేడాగానే ఉంది. అచ్చు మీద పెడితే మాత్రం అతికినట్టు కూర్చుంది. నా చేతిని కాదని అచ్చుని నమ్మా."

"తరవాత?"

"రెండూ కలిపిన రోజు యజమాని అరిచాడు, ఎవడ్రా అని. నేను నోరు తెరిచేలోపు ఎజీదియో ముందుకొచ్చాడు. 'ఎడమ అచ్చుని చిత్రిక పట్టి చెడగొట్టింది నేను. ఒరెస్తే తప్పేం లేదు' అన్నాడు. షెడ్డులో యజమాని తప్ప ఒక్కడూ నమ్మలేదు. కుడివైపు వాడికి ఎడమ అచ్చుతో పనేంటి? మీ అమ్మ కడుపుతో ఉందని వాడికి తెలుసు, ఇవానా. నువ్వు పుట్టబోతున్నావని."

"నువ్వేమన్నావ్?"

"ఏమన్లేదు. వాణ్ణి అప్పటికప్పుడు గెంటేశారు. మిలాన్‌లో ఏ షెడ్డూ మళ్ళీ చేర్చుకోలేదు. అంత పనిమంతుడు, ముప్పై ఏళ్ళు పాలక్యాన్లకి చెవులు అతికించాడు. నేను పెద్ద మేస్త్రీనయ్యా. ప్రతి క్రిస్మస్‌కీ ఉత్తరం రాశా. ఒక్కదానికీ జవాబు లేదు. ఎందుకిస్తాడు?"

అంతలో చేతికర్ర టకటకలాడించుకుంటూ ఎజీదియో వచ్చాడు. కోటు ఎవరిదో, భుజాల దగ్గర వేలాడుతోంది.

"ఏరా, ఇంకా పోలేదా నువ్వు?"

"నువ్వు ముందు పోతే వెనకాలే వద్దామని చూస్తున్నా," అన్నాడు ఒరెస్తే.

"ఈ పిల్ల ఎవరు?"

"నా కూతురు. ఆ ఏడే పుట్టింది."

ఎజీదియో ఆమె మొహంలోకి చూడలేక చూపు తిప్పుకున్నాడు. మైకు గరగరలాడింది. కారు నంబరు చదువుతున్నారు.

ఒరెస్తే అతని చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను క్షమించమని అడగను. ఆ ముఖం నాకు లేదు. కానీ ఇప్పుడు మైకు దగ్గరికెళ్ళి అందరిముందూ చెప్పేస్తా. అచ్చుని పొయ్యి పక్కన పెట్టింది నేను, నా తప్పు నెత్తిన వేసుకుని బతుకు పోగొట్టుకుంది నువ్వు అని. పలక మీద నీ పేరొక్కటే ఉండాలి."

"వద్దు."

"ఎందుకొద్దు? ఇంకెన్నాళ్ళురా నన్ను కాపాడతావ్?"

"వద్దన్నానా!" ఎజీదియో కేకకి పక్కన గ్లాసులవాళ్ళు తిరిగి చూశారు. "నీ ఉత్తరాలన్నీ చదివా. ఒక్కోటీ పదిసార్లు. ప్రతిదాంట్లోనూ నన్ను దేవుణ్ణి చేశావ్. ఏమని జవాబు రాయమంటావ్?"

"ఉన్నదే రాశాగా."

"మేస్త్రీవి, ఆ మాత్రం తెలీదా? ఎంత మంట పెట్టినా చెక్క వేలిమందం తగ్గదురా."

మైకులో ఇద్దరి పేర్లూ వినబడ్డాయి. తోటంతా చప్పట్లు. ఇద్దరూ కదల్లేదు.

ఎజీదియో అతని చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

"ఆ రోజు యజమానితో నేను చెప్పింది నిజమే."