డిగ్రీ అసలుదే

"ఆదివారం పాప తల మీద చెయ్యి పెడతానన్నారు అన్నయ్యా. ముందు రోజు సాయంత్రం నుంచే ఇన్సులిన్ ఆపేయాలట. మళ్లీ జన్మలో ముట్టకూడదట. ఆపమంటావా, వద్దంటావా?" అని అడిగింది చెల్లెలు.

అతను చేతిలోని పెన్ను కింద పెట్టాడు. "ఆపితే పిల్ల వారం తిరక్కుండా..." అంటూ మొదలుపెట్టి, ఆఫీసు గదిలో పాప కూడా ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాడు. పాప మూలన ఉన్న కూలర్ దగ్గర మళ్లీ నీళ్లు పట్టుకుంటోంది.

పేట చివర షెడ్డులో ఒకాయన ఉంటున్నాడు. జనం అతన్ని అరచేతి అయ్య అంటారు. తల మీద చెయ్యి పెడితే ఎంత జబ్బయినా పోతుందని చెప్పుకుంటారు. షెడ్డు ముందు వరుస వీధి మలుపు దాకా ఉంటుంది.

"నువ్వు తిడతావని తెలిసే వచ్చాను. కానీ రోజూ పూటపూటకీ పిల్లని అదిమి పట్టుకుని పొడుస్తున్నది నేను, నువ్వు కాదు," అంది చెల్లెలు.

అడగడానికి వచ్చిన మాట ఆమె అప్పుడు బయటపెట్టింది. ఒక డాక్టరు ఆ షెడ్డుకు వెళ్లి, నయమైందని చెప్పుకునేవాళ్లకు పరీక్షలు చేసి, సంగతి తేల్చాడట. పేటంతా అదే మాట. ఆయన నిజం డాక్టరేనా కాదా అన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

"డిగ్రీలు తనిఖీ చేయడమే కదా నీ పని. ఆయన అసలైన డాక్టరైతే ఆయన మాట ప్రకారం నడుచుకుంటాను. ఉత్తుత్తి డాక్టరైతే ఆ మాట గంగలో కలిసినట్టే. మా ఆయన కూడా దీనికి సరేనన్నారు. ఇంతకీ ఆయన ఏం తేల్చాడంటే..."

"చెప్పకు," అని అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

అది అతని పద్ధతి. ఎవరి డిగ్రీ చూస్తున్నాడో ఆ మనిషితో మాట్లాడడు. ఆ మనిషి ఏమన్నాడో వినడు. వింటే మనసు ఒక పక్కకు ఒరుగుతుందని అంటాడు. సారుకు మనిషితో పని లేదు, ముద్ర ఉంటే చాలు అని ఆఫీసులో వాళ్లు నవ్వుకుంటారు.

చెల్లెలు లేస్తూ ఇంకో మాట అంది. "మొదట ఏది చెబితే అదే ఖాయం అన్నయ్యా. తర్వాత మాట మార్చావంటే, ఎవరో నీ చేత మార్పించారనుకుంటాను."

వాళ్లు వెళ్లాక అతను పని మొదలుపెట్టాడు. చెల్లెలు ఫోనులో పంపిన డాక్టరు సర్టిఫికెట్ ఫోటో మీదున్న ఫోన్ నంబర్లను ఎప్పటిలాగే పక్కన పెట్టి, యూనివర్సిటీ నంబరు తనే వెతికి పట్టుకున్నాడు. వైద్య మండలిలో రిజిస్ట్రేషన్ చూశాడు. పేరు సరిపోయింది, సంవత్సరం సరిపోయింది. పై చదువు కూడా చక్కెర జబ్బు మీదే. యూనివర్సిటీ రికార్డుల గుమాస్తా ఫోనులో ఇంకొంచెం చెప్పాడు.

"ఆయన నాకు బాగా తెలుసు సార్. నిప్పులాంటి మనిషి. ఆయన డిగ్రీనే అనుమానిస్తే ఇక మేం ఇక్కడ దుకాణం కట్టేసుకోవాలి."

అతను ఫోన్ పెట్టేశాడు. చెల్లెలు ఇంత ఆశపడుతోందంటే ఆ డాక్టరు అరచేతి అయ్యకు వంత పాడే ఉంటాడు. అంత చదివినవాడు ఇలా గడ్డి తిన్నాడేమిటని ఒళ్లు మండింది. ఇన్సులిన్ ఏమిటో తెలియని డాక్టరైతే క్షమించేవాడు. తెలిసి చేతులారా పిల్లల్ని చంపే మాట ఎలా వచ్చింది ఆ నోటికి? అసలుదాన్ని అతను ఏనాడూ నకిలీ అనలేదు, నకిలీని అసలుదనలేదు. ఆ మాట మీదే ఇంతకాలం బతికాడు.

శనివారం మధ్యాహ్నం చెల్లెలింటికి వెళ్లాడు. ఆమె పాప గౌను ఇస్త్రీ చేస్తోంది. మర్నాటి కోసమని చెప్పింది. పాప నేల మీద పడుకుని బొమ్మ వేసుకుంటోంది. చేతుల మీద సూది మచ్చలు వరసగా ఉన్నాయి.

"తేలిందా?" అంది చెల్లెలు, ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకుని.

"తేలింది."

"ఏమని?"

అతను పాప వైపు చూశాడు. తర్వాత గోడ వైపు చూశాడు.

"దొంగ డిగ్రీ. ఆ పేరుతో అక్కడ ఎవరూ చదవలేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

చెల్లెలు ఇస్త్రీ పెట్టె స్విచ్చి తీసేసి కుర్చీలో కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పెట్టుకున్న ఆశ పోయింది, ఏడవనీ అనుకున్నాడు. పోయింది ఆశే కదా, పిల్ల కాదు. తన మీద తనకు అసహ్యం కూడా అనుకున్నంత వేయలేదు.

కాసేపటికి ఆమె ముఖం తుడుచుకుంది. "నా గుండెల మీద బండ దించావు అన్నయ్యా," అంటూ వంటగదిలోకి వెళ్లి, ఫ్రిజ్ లోంచి ఇన్సులిన్ డబ్బా తీసింది. సాయంత్రం డోసు వేళవుతోంది. ఇంకేం భయం లేదనుకుని అతను వెనకే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. పాప కూడా వచ్చింది. అలవాటు ప్రకారం గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, చెయ్యి చాపింది.

చెల్లెలు సీసా మూత పీకి సింకులో బోర్లించింది. రెండో సీసా మూత కూడా పీకింది.

"చెయ్యి దించు బంగారం, ఇంక సూదుల్లేవు," అంది. "అక్కడ ఒక్కరికీ నయం కాలేదని అడ్డుపుల్ల వేసింది ఆ డాక్టరొక్కడే. వాడేమో దొంగట, మామయ్య తేల్చాడు."