పిడికిట్లో పట్టే టార్చి

“చప్పుడు కాకూడదు. అదీ ముఖ్యం,” అంది అత్తగారు నాలుగో టార్చిని కూడా పక్కకు నెట్టేస్తూ.

ఎలక్ట్రికల్ షాపాయన ఓపికను మెచ్చుకోవాలి. ఉన్న సరుకంతా అప్పటికే గాజుబల్ల మీద పరిచేశాడు.

“టార్చికి చప్పుడేంటమ్మా? బటన్ నొక్కితే టిక్కుమంటుంది, అంతేగా.”

“ఆ టిక్కే వద్దంటున్నా.”

పక్కన నిలబడ్డ కోడలు వీధి వైపు చూసింది. అద్దాల తలుపు అవతల మొగుడు బండి మీద కూర్చుని ఇటే చూస్తున్నాడు. పది నిమిషాలు గడువిచ్చాడు. ఆమె ఎక్కడికి కదిలినా అత్తగారో మొగుడో వెంట ఉండాల్సిందే. ఇవాళ ఇద్దరూ ఉన్నారు. మామగారు పోయాక ఆ ఇంట్లో మిగిలింది ముగ్గురే. ఇంత ఎండలో కూడా కోడలు మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు ఎందుకు వేసుకుంటుందో ముగ్గురికీ తెలుసు. మొగుడిది అంతా తండ్రి పోలికేనని చుట్టాలంటారు.

“ఫోన్లో లైటుంటుంది కదమ్మా?”

“ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. అది మావాడి జేబు దాటి రాదు.”

“ఇంతకీ దేనికి కావాలి?”

“ఈమధ్య తెల్లవారుజామున ఇంట్లో ఎవరో లేచి తిరుగుతున్నారు,” అంది అత్తగారు కోడలి వైపు చూడకుండానే.

కోడలు తల దించుకుంది. వారం రోజులుగా తిరుగుతున్నది తనే. పెరటి తలుపు గడియ ఎంత మెల్లగా లాగితే కిర్రుమనకుండా వస్తుందో చూసుకుంటోంది. రెండు జతల బట్టలున్న సంచీ మంచం కింద, పాత ట్రంకుపెట్టె వెనక ఉంది. రేపు తెల్లవారుజామున అయిదు గంటల బస్సు దగ్గర అక్క నిలబడి ఉంటుంది. పక్కింటి టీచరమ్మ ఫోనుకి అక్క పంపిన కబురది. రేపు తప్పితే ఇక లేదు. ఎల్లుండి ఆ తలుపుకి కూడా తాళం బిగించడానికి మనిషి వస్తున్నాడు.

అత్తగారు పసిగట్టేసింది. పిల్లిలా వెనకే వచ్చి పట్టుకోవడానికే ఈ టార్చి. కోడలికి ఏడుపొచ్చింది, అదీ పైకి కనపడకూడదు.

షాపాయన లోపలి అరలోంచి వేలెడంత టార్చి ఒకటి తీశాడు. “ఇది చూడండి. బటనే లేదు. తల తిప్పితే వెలుగుతుంది.”

“తిప్పగానే భగ్గుమంటుందా?”

“ముందు సన్నగానే వస్తుంది. ఇంకా తిప్పితే పెరుగుతుంది.”

“కింద పడితే?”

షాపాయన పౌరుషానికి పోయి దాన్ని వెలిగించి నేలకేసి కొట్టాడు. అది వెలుగుతూనే దొర్లుకుంటూ బల్ల కిందకి పోయింది.

“మధ్యలో చేతులెత్తేయదు కదా?”

“బ్యాటరీ కొత్తదైతే రాత్రంతా వెలుగుతుంది. నాదీ పూచీ.”

షాపాయన వంగి తీసిచ్చిన టార్చిని అత్తగారు పిడికిట్లో మూసి చూసుకుంది. ఎక్కడా కనపడలేదు. తృప్తిగా తలూపి, బరువు మంచి కాలి మీదికి మార్చుకుంది. రెండో కాలు కుంటి. దాని కథ కోడలు పెళ్ళయిన కొత్తలోనే విన్నది. మొగుడు చంటిపిల్లాడుగా ఉన్నప్పుడు, తెల్లవారకముందే ఉతికిన బట్టలు ఆరేయబోయి పెరటి మెట్ల మీద పడిందట. మూడో మెట్టు విరిగి ఉండటంతో కాలు జారిందట. మామగారు వెళ్ళి చూసేసరికి మెట్ల నిండా బట్టలేనట. “మా అమ్మకి పనంటే అంత పిచ్చి,” అని మొగుడు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. ఆ మెట్టు బాగుచేయించాలని మాత్రం ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు.

బయట హారన్ మోగింది.

“వెలుతుర్లో అన్నీ బాగానే ఉంటాయి. చీకట్లో చూడాలి,” అంది అత్తగారు.

“వెనక స్టోరురూముందమ్మా. కిటికీల్లేవు, చూసుకోండి.”

“రా,” అంటూ అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. సరిగ్గా నొప్పి ఉన్నచోటు తప్పించి పట్టుకుంది.

లోపల అట్టపెట్టెలు, వైర్ల చుట్టలు, రబ్బరు వాసన. అత్తగారు తలుపు మూసేసింది. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. అరిస్తే పరుగెత్తుకొచ్చేది మొగుడే.

“అత్తయ్యా, నేనేం చెయ్యలేదు...”

సన్నటి వెలుగు ఆమె పాదాల ముందు పడింది.

“పట్టుకో. ఎదురుగా కొట్టకు, కాలి ముందు కొట్టుకో. గడియకి పొద్దున్నే నూనె వేశాను. నీ సర్టిఫికెట్లు వాడి బీరువాలోంచి తీసి నీ సంచీ అడుగున పెట్టాను. వాడికి చూపించడానికి ఇంకోటి కొంటాలే, టిక్కుమనేది.”

కోడలు టార్చిని పిడికిట్లో బిగించింది. ఇన్నాళ్ళూ ఈ మనిషిని చూసి వణికినందుకు సిగ్గేసింది.

“ఆయన మిమ్మల్ని ఊరికే వదలరు అత్తయ్యా.”

“నా సంగతి నేను చూసుకుంటా. నువ్వు ఆ మూడో మెట్టు చూసుకుని దిగు.”

“మీరు బట్టలారేయబోయి పడ్డారే, అదేగా?”

హారన్ మళ్ళీ మోగింది. అత్తగారు తలుపు మీద చెయ్యి వేసింది.

“ఆ బట్టలు తడివి కావమ్మా.”