తొమ్మిది వేల అడుగులు

“నిన్న అరవై. ఇవాళ పదకొండే!”

టైలరు కత్తెర పక్కన పడేసి ఫోను భార్యకు చూపించాడు. కూతురు రోజుకెన్ని అడుగులు నడిచిందో ఆ పిల్ల చేతిపట్టీ లెక్కపెట్టి ఆయన ఫోనుకు పంపుతుంది. ఆర్నెల్ల క్రితం ఆమె ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తుంటే ఆయనే కొనిచ్చాడు.

“చార్జింగ్ అయిపోయిందేమో,” అంది భార్య. ఆమె గొంతులోనూ బెరుకే.

“ఫోనూ ఎత్తట్లేదే!”

పదిహేనో ఏట ఆ పిల్ల డిప్రెషన్‌తో ఎనిమిది నెలలు మంచం దిగలేదు. గుమ్మం దగ్గర పెట్టిన కంచం అక్కడే చల్లారిపోయేది. నయమయ్యాక డాక్టరు చెప్పాడు: “పెద్దయ్యాక కూడా ఒళ్లు కదపబుద్ధి కాకపోవచ్చు. దాన్ని బద్ధకం అనుకోకండి. నడక తగ్గితే మనసు కుంగుతోందేమో చూసుకోండి.”

కొత్త ఊళ్లో మొదటి వారం వెయ్యి అడుగులు దాటలేదు. ఆయన పూటకోసారి ఫోన్ చేసి సతాయించాడు. రెండో వారం నుంచి రోజూ తొమ్మిది వేలు! కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకీ చూపించి మురిసిపోయాడు.

ఆయన వెంటనే బయల్దేరాడు. బస్సులో రెండు గంటలు. దారిపొడవునా ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ప్రాణాలు ఉగ్గబట్టుకుని మూడంతస్తులు ఎక్కి తలుపు బాదాడు.

కూతురి రూమ్మేటు తెరిచింది. మంచం మీద కూతురు కళ్లు నులుముకుంటూ లేచి కూర్చుంది.

“నాన్నా! ఏంటిలా వచ్చావు?”

పోయిన ప్రాణం లేచొచ్చింది ఆయనకు. “ఫోనెత్తవేంటే తల్లీ?”

“సైలెంట్‌లో ఉంది. రెండ్రోజులుగా జ్వరం నాన్నా, అందుకే నడవలేదు.”

“అంతేనా! నేనింకా ఏమేమో అనుకుని చచ్చాను. తగ్గాక మళ్లీ మొదలుపెడుదువుగానిలే. నీ తొమ్మిది వేలు చూస్తేగానీ నాకు ముద్ద దిగదు.”

నవ్వుతూ నుదుటి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది.

రూమ్మేటు ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె కుడిపాదానికి కట్టు ఉంది.

“అంకుల్, ఇక నావల్ల కాదు. చెప్పేస్తాను. మొన్న మెట్ల మీద నా కాలు బెణికింది.”

“అయ్యో, చూసుకోవద్దూ అమ్మా!” అన్నాడాయన, ఆ సంగతి ఇప్పుడెందుకో అర్థం కాక.

“చెప్పకే, ప్లీజ్!” అంది కూతురు.

రూమ్మేటు తల దించుకుంది.

“ఇన్నాళ్లూ ఆ పట్టీ పెట్టుకుని నడిచింది నేను, అంకుల్.”